వట్టివేరు సెంట్లు: మగవాళ్ల పరిమళాల మీద అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లడం, మంచినీళ్ల కుండలో చిన్న వేళ్ల కట్ట వేసుకోవడం తెలుగిళ్లలో కొత్తేమీ కాదు. అదే వేరు స్ప్రే సీసాలోకి వచ్చేసరికి మాత్రం అనుమానాలు మొదలవుతాయి. రంగు లేదు కాబట్టి నకిలీ అంటారు, ఇంత ధర పెట్టి కొంటే మట్టివాసన వస్తోందంటారు, గంటలో పోయిందంటారు. ఇందులో చాలావరకు తొందరపాటుతో వచ్చే మాటలే. వట్టివేరు అడుగున ఉండి నిదానంగా పైకి తేలే వాసన. పైన ఉండే నిమ్మజాతి వాసనలు ఎగిరిపోయి అది బయటపడడానికి అరగంట నుంచి గంట పడుతుంది. షాపులో వాసన చూసే కాగితపు స్ట్రిప్ మీద కొట్టి రెండు నిమిషాల్లో తేల్చేసేవాళ్లు అసలు వట్టివేరును వాసన చూడనే లేదు.

అపోహ: అసలైన వట్టివేరు ఆకుపచ్చగా ఉంటుంది.

ఈ నమ్మకం ఖస్ (అంటే వట్టివేరు) షర్బత్ నుంచి వచ్చింది. షర్బత్‌లో కనిపించే ఆ చిక్కటి ఆకుపచ్చ మామూలుగా కలిపిన రంగే. వేరు లేత గోధుమరంగులో ఉంటుంది. దాని నూనె తేనెరంగు నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది. స్ప్రేలో ఆ నూనె నూటికి నాలుగైదు పాళ్లకు మించి ఉండడం అరుదు కాబట్టి లేత పసుపు కనిపిస్తే చాలు.

నిజంగానే పచ్చగా ఉండేది ఒకటుంది. అది ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగులనే రాగి కాగుల్లో ఆవిరి పట్టి దించే స్వచ్ఛమైన వట్టివేరు నూనె, రూహ్ ఖస్. నూనెలోని ఆమ్లాలు రాగితో కలవడం వల్ల ఆ రంగు వస్తుంది. అది స్టీలు బట్టీలో దించిన నూనెకు రాదు. అలాగని పచ్చగా ఉన్నదల్లా రూహ్ అనుకోకూడదు, రంగు కలపడం చాలా తేలిక. చార్మినార్ దగ్గరైనా మరెక్కడైనా అత్తరు కొనేటప్పుడు రంగును లెక్కలోకి తీసుకోకండి. ఒక చుక్క మణికట్టు మీద పెట్టించుకుని బజారు పని చూసుకుని, గంట తర్వాత వాసన చూడండి. అప్పటికి తియ్యటి సబ్బువాసనగా మారితే అది రూహ్ కాదు. తడిసిన వేళ్లు, పచ్చి చెక్క, కాస్త చేదు కలిసిన వాసన నిలబడి ఉంటే అప్పుడు ధర మాట్లాడండి.

అపోహ: వట్టివేరు ఎక్కడిదైనా ఒకటే వాసన.

తెలియక ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ప్రపంచ పరిమళాల పరిశ్రమకు ఎక్కువగా వెళ్లేది హైతీ నూనె. దక్షిణ హైతీలోని లే కే పట్టణం చుట్టుపక్కల రైతులు పండిస్తారు. అది శుభ్రంగా ఉంటుంది, పంపరపనస తొక్కను గుర్తుచేసే చేదు, పొడిచెక్క వాసన ఉంటాయి. జావా నూనెలో పొగ, కాలిన వాసన తెలుస్తాయి. దానికి నేల ఒక్కటే కారణం కాదు. ఎక్కువ ఆవిరి పీడనంతో తొందరగా దించినప్పుడు ఆ మాడు వాసన వస్తుంది. రీయూనియన్ ద్వీపపు బూర్బోన్ రకానికి పేరు పెద్దదే గానీ ఇప్పుడు దొరికేది బహు తక్కువ.

మన దేశంలోనే రెండు రకాలున్నాయి. ఉత్తరాదిన అడవుల్లో, ఏటి గట్ల మీద పెరిగేది పూసి గింజ కడుతుంది. దక్షిణాదిన సాగుచేసేది గింజ కట్టదు, పిలకలతోనే నాటుకోవాలి. మట్టికోత ఆపడానికి ప్రపంచమంతా గట్ల మీద వేస్తున్నది ఈ దక్షిణాది రకమే. రెండింటి నూనెలూ వేరు. ధ్రువణ కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) ఉత్తరాది నూనె ఎడమవైపు తిప్పితే దక్షిణాది, హైతీ నూనెలు కుడివైపు తిప్పుతాయి. అందుకే 'రూహ్ ఖస్' అని అమ్మే సీసాలో హైతీ నూనె పోశారో లేదో ల్యాబులో ఈ ఒక్క పరీక్షతోనే చాలావరకు బయటపడుతుంది.

దించే పద్ధతి కూడా వాసనను మారుస్తుంది. వేళ్లను సరిగ్గా కడగకపోతే మట్టి కంపు నూనెలోకి దిగుతుంది. పచ్చివేళ్లు దించితే ఘాటుగా ఉంటుంది, ఎండబెట్టి కొన్నాళ్లు నిలవ ఉంచినవి మెత్తగా వస్తాయి. వంద కిలోల ఎండు వేళ్లకు కిలో అటూ ఇటూ నూనె వస్తుంది, అదీ 18 నుంచి 24 గంటలు దించితే. వంటచెరుకు ఖర్చుకు భయపడి ముందే ఆపేస్తే బరువైన భాగం వేళ్లలోనే ఉండిపోయి నూనె పలచటి పచ్చివాసనతో వస్తుంది. పైగా ఈ నూనె బరువు దాదాపు నీటి బరువే కావడంతో రెండూ ఒక పట్టాన విడిపోవు. మన దగ్గర సాగు మొదలుపెట్టాలనుకునే రైతులు హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రంలో రకాల గురించి అడగాలి. కొనేవాడు ఏ వాసన కోరుతున్నాడో తెలుసుకున్నాకే పిలకలు తెచ్చుకోవాలి.

అపోహ: కాగితం మీద మరక మిగిలితే నూనెలో కల్తీ ఉన్నట్టే.

నిమ్మనూనెకు, యూకలిప్టస్‌కు ఈ పరీక్ష పనికొస్తుంది, వట్టివేరుకు పనికిరాదు. ఇది చిక్కటి, రంగున్న, చాలా నెమ్మదిగా ఆరే నూనె. స్వచ్ఛమైనదీ రోజుల తరబడి మరకగానే ఉంటుంది. ఆ మాట పట్టుకుని మంచి సరుకు వెనక్కి పంపేవాళ్లున్నారు.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఇది. ఒక స్ట్రిప్ మీద మీ నూనె, ఇంకో దాని మీద నమ్మకమైన నూనె ఒక్కో చుక్క వేసి, పేరు రాసి, 10 నిమిషాలకు, 2 గంటలకు, 24 గంటలకు, మూడో రోజు వాసన చూడండి. కొబ్బరినూనె లాంటిదో, వాసనలేని ద్రావకమో కలిపితే మొదటి నుంచీ బలం తక్కువగా ఉంటుంది. తుంగముస్తల నూనె కలిపితే మొదట్లో తేడా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే రెండూ దగ్గరి వాసనలే. మర్నాటికి మిరియం లాంటి ఘాటు, తోలు వాసన పైకి వస్తాయి. పెద్ద మొత్తంలో కొనేవాళ్లు మాత్రం జీసీ రిపోర్టు (నూనెలో ఏయే భాగాలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ పరీక్ష ఫలితం) లేకుండా డబ్బు కట్టకండి.

అపోహ: వట్టివేరు ఎంత ఎక్కువ వేస్తే సెంటు అంత మగతనంగా, అంత గొప్పగా ఉంటుంది.

సొంతంగా కలుపుకునే కుర్రాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మొత్తం సుగంధ భాగంలో వట్టివేరు సగం దాటిందంటే మిగతావన్నీ దాని కిందపడి నలిగిపోతాయి. బంగాళాదుంప తొక్కలు, తడి గోనెసంచి గుర్తొస్తాయి. ఎక్కువ మోతాదుతో మెప్పించిన సెంట్లు లేకపోలేదు, కానీ వాటిలో చుట్టూ ఉన్న కూర్పు చాలా నేర్పుతో చేసినది.

10 గ్రాములకు మంచి ప్రారంభ కొలత: హైతీ వట్టివేరు 0.45, బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు తొక్క నూనె) 0.40, ఐసో ఈ సూపర్ (చెక్కవాసన ఇచ్చే కృత్రిమ రసాయనం) 0.35, వర్జీనియా సెడార్ 0.18, హెడియోన్ (మల్లెజాతి వాసన ఇచ్చే కృత్రిమ రసాయనం) 0.08 గ్రాములు. మిరియాల నూనె కావలసింది 0.04 గ్రామే. 0.01 గ్రాము చూపే కాటా మీద అంత చిన్న కొలత నమ్మలేం కాబట్టి ముందే ఆల్కహాల్‌లో 10 శాతం ద్రావణం చేసుకుని 0.40 గ్రాము పోయండి. ఆపైన ఇథైల్ ఆల్కహాల్ 8.14 గ్రాములు పోస్తే పది గ్రాములవుతుంది.

చుక్కల లెక్క వద్దు. వట్టివేరు చుక్క, బెర్గమాట్ చుక్క ఒకే బరువు ఉండవు. వట్టివేరు సీసాను 40 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలుంచితే పలచబడుతుంది, దాన్నే మొదట తూచండి. బెర్గమాట్ తప్పకుండా బెర్గాప్టెన్ తీసేసిన రకమే కావాలి. మామూలుది ఈ మోతాదులో రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. ఆసుపత్రుల్లో వాడే ఐసోప్రొపైల్ స్పిరిట్ వాడకండి, దాని వాసన పోదు. ఆల్కహాల్‌లో నీటిపాలు ఎక్కువైతే ద్రవం తెల్లగా మసకబారుతుంది. కలిపాక చీకట్లో రెండు మూడు వారాలు ఉంచి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి పెట్టి, అడుగున ఏమైనా పేరుకుంటే కాఫీ ఫిల్టర్‌లో వడకట్టాలి. కలిపిన రోజు వాసన చూసి మార్పులు చేయకండి. మొదటి వారంలో వట్టివేరు గరుకుగానే ఉంటుంది. ఒంటికి వాడేముందు మోచేతి లోపల రాసి ఒక రోజు ఆగండి, స్టవ్ దగ్గర మాత్రం కలపకండి.

అపోహ: ఐసో ఈ సూపర్ లాంటి రసాయనాలు ఉంటే అది వట్టివేరు సెంటు కాదు.

వట్టివేరు నూనెలోనే వందకు పైగా రసాయనాలున్నాయి. ఖుసిమోల్ లాంటివి పరిమాణంలో ఎక్కువ, కానీ మన ముక్కుకు తెలిసే వాసనలో పెద్ద వాటా లేశమాత్రంగా ఉండే వాటిదే. అందుకే ఒక్క రసాయనంతో వట్టివేరు వాసనను అనుకరించడం ఇంతవరకూ సాధ్యం కాలేదు. మంచి సెంట్లలో ఐసో ఈ సూపర్ వట్టివేరుకు బదులుగా రాదు, దానికి గాలి ఆడేలా చేయడానికి వస్తుంది. 2006లో ఫ్రెంచ్ పరిమళ నిపుణుడు జాన్-క్లోద్ ఎలెనా చేసిన టెర్ ద ఎర్మెస్ సెంటులో నారింజ, మిరియం, వట్టివేరు మధ్య ఆ పారదర్శకత దాని చలవే. కొందరి ముక్కుకు ఐసో ఈ సూపర్ సరిగ్గా తెలియదు. మీకు ఏమీ అనిపించని సెంటును పక్కవాళ్లు మెచ్చుకుంటే ఆశ్చర్యపోవద్దు.

వెటివెరిల్ ఎసిటేట్ అని ఇంకోటి ఉంది. వట్టివేరు నూనెనే రసాయన చర్యతో ఎసిటైల్ చేసి మట్టి, పొగ వాసనలు తగ్గించి తీసేది. దాన్ని సహజం అనాలా కృత్రిమం అనాలా అని వాదించడం కన్నా, వాడకానికి ఇఫ్రా (అంతర్జాతీయ పరిమళాల సంఘం) పెట్టిన పరిమితి లోపల ఉందా అని చూడడం అవసరం.

అపోహ: వట్టివేరు మగవాళ్ల వాసన.

ఆ ముద్ర పడింది 1950ల చివర్లో. 1957లో కార్వెన్, 1959లో గెర్లాన్, జివాంషీ 'వెటివర్' పేరుతోనే మగవాళ్ల సెంట్లు తెచ్చాయి. అంతకు చాలా ముందు, 1921 నాటి షనెల్ నంబర్ 5 అడుగునా ఇది ఉంది. తలనూనెల్లో, స్నానపు పొడుల్లో వట్టివేళ్లు వేసుకున్న మన ఆడవాళ్లకైతే ఈ చర్చే వింత.

అపోహ: ఈడీపీ (ఓ ద పార్ఫమ్) అయితే రోజంతా ఉంటుంది, ఈడీటీ (ఓ ద టాయ్‌లెట్) గంటలో పోతుంది.

ఆ అక్షరాలు సుగంధ నూనె శాతాన్ని సుమారుగా చెబుతాయి. ఎంతసేపు ఉంటుందనేది లోపల ఏముందో దాన్నిబట్టి. వట్టివేరు బరువైనది కాబట్టి దాని మీద కట్టిన ఈడీటీ, నిమ్మజాతులతో నింపిన ఈడీపీని తేలిగ్గా దాటుతుంది. లాలిక్ వారి ఎంక్ర్ నోర్ ఈడీటీనే. సైప్రస్ చెట్టు, వట్టివేరు కలిసిన ఆ చీకటి వాసన సాయంత్రం చొక్కా విప్పినప్పుడూ తెలుస్తుంది.

'పోయింది' అనిపించడం చాలాసార్లు ముక్కు అలవాటు పడడమే. మళ్లీ కొట్టుకునే ముందు బయటినుంచి వచ్చినవాళ్లను అడగండి. మే నెలలో, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో, ఛాతీ మీద రెండు, మెడ వెనుక ఒకటి చాలు. టామ్ ఫోర్డ్ వారి గ్రే వెటివర్ లాంటి శుభ్రమైన హైతీ తరహావి పగటికి సరిపోతాయి. పొగ తరహావి చెమటతో కలిస్తే ఆఫీసు గదిలో పక్కవాళ్లకు బరువుగా ఉంటాయి, వాటిని చలికాలానికి ఉంచండి. తెల్లచొక్కా మీద నేరుగా కొట్టకండి, పసుపు మరక ఉతికినా వదలడం కష్టం. మణికట్లు రుద్దితే అణువులు విరిగిపోతాయన్నది నిజం కాదు. రాపిడి వేడికి పై వాసనలు కాస్త ముందుగా ఎగిరిపోతాయి, అంతే.

అపోహ: మూడేళ్లు దాటిన సీసా పారేయాలి.

వట్టివేరు నూనె తనంతట తాను పాతబడేకొద్దీ మెత్తబడుతుంది. ముందు పాడయ్యేది దానితో ఉన్న నిమ్మ, నారింజ భాగం. లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే పై వాసన టర్పెంటైన్‌లా మారుతుంది, సున్నితమైన చర్మానికి దురద కూడా పుట్టిస్తుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టినది ఒక్క వేసవికే అలా అవుతుంది, బీరువాలో పెట్టెతో సహా ఉంచినది ఏళ్ల తరబడి బాగుంటుంది. పాత సీసా తెరిచినప్పుడు మొదటి రెండు స్ప్రేలు గొట్టంలో నిలిచిపోయిన ద్రవం, వాటిని వదిలేసి మూడోది స్ట్రిప్ మీద కొట్టండి. పది నిమిషాలకూ ఆ పెయింటు వాసన పోకపోతే ఒంటికి వాడకండి. పోయి కింద వట్టివేరు శుభ్రంగా వస్తుంటే, మోచేతి మీద ఒకసారి పరీక్షించి వాడుకోవచ్చు.