ఆదివారం జ్వరాలు రావు: మన ఊరి ఆరోగ్య లెక్కలపై అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా నా పని జ్వరాలు లెక్కపెట్టడం. పెళ్లిళ్లలో ఎవరైనా పెద్దాయన "ఏం చేస్తుంటావయ్యా?" అని అడిగితే "హెల్త్‌లో డేటా చూస్తానండీ" అంటాను. "ఓహో, కంప్యూటర్ ఆపరేటరా?" అంటారు. సగం నిజమే కాబట్టి నేనూ వాదించను.

విజయవాడలో ఆరోగ్యం గురించిన కాగితాలకు కొదవేం లేదు. అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఓపీ రిజిస్టర్, ఏఎన్‌ఎం (ఇంటింటికీ తిరిగే నర్సు) దగ్గర గర్భిణుల వివరాలు, పిల్లల టీకాలు, ల్యాబులో డెంగీ ఫలితాలు, కార్పొరేషన్‌లో జనన మరణాలు, 108 కాల్స్, ఎన్టీఆర్ వైద్య సేవ (అదే ఆరోగ్యశ్రీ) క్లెయిములు. ఒక్కోటీ ఒక్కో అవసరానికి రాసింది. ఒకటి సర్టిఫికెట్ కోసం, ఒకటి బిల్లు కోసం, ఒకటి పైఆఫీసు వాళ్లు అడిగారని. ఆ అవసరం తీరాక వాటినే మళ్లీ చదివి, ఊరికి పనికొచ్చేదేమైనా ఉందా అని వెతకడం నా ఉద్యోగం. ఈ పనిలో రోజూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కొత్త సర్వే చేస్తేగానీ, కొత్త యాప్ పెడితేగానీ ఏమీ తెలియదు.

ఏ మీటింగయినా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. ఏఎన్‌ఎం ఫోన్‌లో ఇప్పటికే ఉన్న యాప్‌లు చాలక ఇంకోటి! ఒకే గర్భిణి వివరాలు మూడు చోట్ల కొట్టీ కొట్టీ ఆవిడ వేళ్లు అరిగిపోతున్నాయి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఆధారం కోసం వెళ్లింది మరణాలు నమోదు చేసే ఆఫీసుకి. అక్కడ అప్పటికే రాసి ఉన్న జాబితా అడిగి తీసుకుని, ఆ చిరునామాలు పట్టుకుని తిరిగాడు. దాదాపు చావులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీళ్ల పంపు చుట్టూ తేలాయి. అంటే ఆయన చేతికి దొరికిందీ పాత రిజిస్టరే. కాకపోతే అందులో చిరునామా సరిగ్గా రాసి ఉంది. మన గొడవంతా అక్కడే, దాని సంగతి తర్వాత చెప్తాను.

అపోహ: కేసులు పెరిగాయంటే రోగం పెరిగినట్టే.

ఏ వారం గ్రాఫ్ తీసినా ఆదివారం జ్వరాలు సున్నాకి పడిపోతాయి, సోమవారం ఆకాశానికి ఎగురుతాయి. ఆదివారం బెజవాడలో ఎవరికీ ఒళ్లు కాలదా? ఓపీ ఉండదు, అంతే. సంక్రాంతి మూడు రోజులూ ఊరంతా ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించడానికీ కారణం ఇదే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వీధి వీధికీ మెడికల్ క్యాంపులు పెట్టారు. క్యాంపులు పెరిగితే రిజిస్టర్‌లో జ్వరాలూ పెరుగుతాయి, క్యాంపు ఎత్తేస్తే తగ్గుతాయి. అందుకని అలాంటప్పుడు మొత్తం కేసుల సంఖ్య మీద నమ్మకం పెట్టుకోను. వచ్చిన ప్రతి వందమందిలో జ్వరంతో ఎందరు, విరేచనాలతో ఎందరు అని చూస్తాను. ఆ వాటా మారితే అప్పుడు కంగారు పడాలి.

డెంగీ లెక్క తేడాలదీ ఇదే దారి. ప్రైవేటు ల్యాబులో కార్డు టెస్ట్ (నిమిషాల్లో ఫలితం చెప్పేది) పాజిటివ్ రాగానే ఇంట్లో వాళ్లకి అది డెంగీయే. సర్కారు లెక్కలోకి ఎక్కాలంటే ఎలైజా అనే ల్యాబు రక్తపరీక్షలో తేలాలి. పేపర్లో ఒక అంకె, అధికారుల నోట ఇంకో అంకె వచ్చిన ప్రతిసారీ ఎవరో దాచేస్తున్నారని అనుకోనక్కర్లేదు. అలాగని అందరూ నిజమే చెప్తారని నేను పూచీ ఇవ్వను.

అపోహ: మరణాల రిజిస్టర్ చూస్తే ఊళ్లో ఎవరు దేనితో పోతున్నారో తెలిసిపోతుంది.

ఈ రిజిస్టర్ నాకు బాగా ఇష్టం, అందుకే దీని మీద కోపం కూడా ఎక్కువ. 1969 నాటి చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. నూజివీడు నుంచో, తిరువూరు నుంచో, అవనిగడ్డ నుంచో తెచ్చి బెజవాడ ఆసుపత్రిలో చేర్చిన మనిషి పోతే, ఆ చావు బెజవాడ ఖాతాలో పడుతుంది. గుంటూరు సర్కారు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చేవాళ్ల సంగతీ అంతే. నివాసం గడి చూసి వేరు చేయకుండా "మన నగరంలో మరణాలు పెరిగాయి" అని హెడ్డింగ్ పెట్టేస్తే తప్పు.

ఇక కారణం. డాక్టరు రాసే ఫారంలో మూడు వరుసలుంటాయి. ప్రాణం పోవడానికి దగ్గరి కారణం, దానికి దారితీసింది, అసలు ఎక్కడ మొదలైంది. లెక్కకు కావాల్సింది ఆ చివరిదే. నా చేతికొచ్చే ఫారాల్లో పై వరుసలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంటుంది, కింద రెండూ ఖాళీ. గుండె, ఊపిరి ఆగకుండా పోయిన మనిషి ఎవరండీ? ఇరవై ఏళ్ల షుగరు కిడ్నీలను తినేసిందని ఆ డాక్టరుకి తెలుసు. రాత్రి రెండింటికి, బయట బంధువులు బాడీ కోసం నిలబడి ఉండగా, మూడు వరుసలు రాసే ఓపిక ఎవరికుంటుంది? ఈ మాత్రం ఫారం కూడా చాలా చావులకు ఉండదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతమే.

మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఆ దుఃఖంలో అడగడం కష్టమే. అయినా డాక్టరు మరణ కారణం రాసిన ఆ కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకోండి. 2023లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం దగ్గరి బంధువుకి అది ఇవ్వాలి.

కారణం సరిగ్గా రాయకపోయినా ఈ రిజిస్టర్ పనికొచ్చే చోటొకటి ఉంది: ఎండలు. వడదెబ్బ మరణాలంటే మనకు తెలిసినవి, విచారణ చేసి వడదెబ్బే అని తేల్చినవి. 2015 వేసవిలో మన రాష్ట్రంలో అవే వెయ్యి దాటాయి. మరి ఎండకి బీపీ పడిపోయి, కిడ్నీ చెడి, ఇంట్లో మంచం మీదే పోయిన ముసలివాళ్లు? అహ్మదాబాద్‌లో పరిశోధకులు చేసిన పని చాలా చిన్నది. 2010 మే నెలలో నమోదైన మొత్తం మరణాలను దానికి ముందు, వెనక ఏళ్ల (2009, 2011) మే లెక్కలతో పోల్చారు. ఏ కారణమూ చూడలేదు. 1,344 చావులు ఎక్కువ తేలాయి. 2013లో ఆ నగరం ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక తెచ్చుకుంది. బ్లేజ్‌వాడ అని పేరు తెచ్చుకున్న మన ఊరికి ఈ లెక్క వేయడానికి కావాల్సిన రిజిస్టర్లు బీరువాలోనే ఉన్నాయి.

అపోహ: ఆరోగ్యశ్రీ క్లెయిములు చూస్తే చాలు.

2007 నుంచి నడుస్తున్న పథకం, డేటా శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ అందులో కనిపించేది జబ్బు కాదు, వైద్యానికి కట్టిన డబ్బు. స్టెంట్ కనిపిస్తుంది. స్టెంట్ దాకా తెచ్చిన పదేళ్ల బీపీ కనిపించదు.

అపోహ: పేరు, ఫోన్ నంబరు తీసేస్తే గోప్యత కాపాడినట్టే.

"34 ఏళ్లు, స్త్రీ, ఫలానా వీధి, డయాలసిస్." పేరు లేదు. ఆ వీధిలో పాలప్యాకెట్లు వేసే కుర్రాడికి కూడా ఎవరో తెలిసిపోతుంది. అందుకే బయటికిచ్చే పట్టికలో ఏ గడిలోనైనా ఐదుకంటే తక్కువ మంది ఉంటే అంకె వేయను. వయసు కూడా పదేళ్ల గుంపుగానే ఇస్తాను. ఒకసారి ఒక ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పేషెంట్ల జాబితా పేర్లతో సహా తిరగడం చూశాను. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం గురించి ఆ గ్రూపులోనే ఎవరో ఒక ఫార్వర్డ్ కూడా పెట్టారు.

అపోహ: చిరునామాదేముంది, వార్డు నంబరు ఉంటే సరిపోతుంది.

ఇందాక ఆపిన సంగతి ఇదే. డెంగీ దోమ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. మురుగు కలిసిన నీళ్లు ఒక పైపులైను మీదున్న ఇళ్లకే వెళ్తాయి. వార్డు పెద్దది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగే నీళ్లలో మురుగు కలవడమే దానికి మూలం. అలాంటివి ముందే పట్టుకోవాలంటే విరేచనాల కేసుల్ని వీధి వారీగా పెట్టి, పక్కనే నీళ్ల క్లోరిన్ పరీక్షల రిజిస్టర్ పెట్టుకోవాలి. కుళాయి చివర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూపే ఓటీ టెస్టులో పసుపు రంగు రాని వీధి, విరేచనాలు ఎక్కువైన వీధి ఒకటే అయితే ఆ పూటే తవ్వించాలి. ఒక రిజిస్టర్ ఆరోగ్యం వాళ్ల దగ్గర, ఇంకోటి ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర. రెండూ ఒకే బల్ల మీదికి రావడమే కష్టం.

వచ్చినా చిరునామా ఇలా ఉంటుంది: "ఏ.ఎస్.నగర్", "సింగినగర్", "అజిత్‌సింగ్ నగర్ ట్యాంకు దగ్గర", "కాలవ గట్టు, మసీదు వెనక". కంప్యూటర్‌కి ఇవి నాలుగు ఊళ్లు. ఏఐ చేసేస్తుందని కుర్రాళ్లు అంటుంటారు. స్పెల్లింగులు కలపడానికి బాగానే పనికొస్తుంది. ఏ మసీదు వెనకో మాత్రం దానికీ తెలియదు.

అపోహ: డేటా ఉంటే ఊరు తిరగక్కర్లేదు.

ఒక హెల్త్ సెంటర్ పరిధిలో బీపీ మందులకు రెండోసారి రాని వాళ్లంతా మ్యాప్ మీద ఒకేచోట పోగుపడ్డారు. సెంటర్‌కి అర కిలోమీటరు కూడా లేదు. అవగాహన లోపమని రిపోర్టులో రాసేశాను కూడా. పంపేముందు ఎందుకో ఒకసారి చూసొద్దామని వెళ్లాను. మ్యాప్‌లో అర కిలోమీటరు, నేల మీద కొండ. నిలువుగా మెట్లు, మధ్యలో పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా లేదు. సగం దూరానికే నాకు ఆయాసం వచ్చింది. పైన ఒక మామ్మగారు మోకాళ్లకి నూనె రాసుకుంటూ కూర్చుంది. దిగడమైతే దిగుతుందట, మళ్లీ ఎక్కించేవాళ్లు ఎవరని అడిగింది.

ఇప్పుడు నెలకోసారి బీపీ మిషను, మాత్రల డబ్బా కొండపైన రామాలయం అరుగు మీదికే వెళ్తున్నాయి. ఆ రోజు కిందికి దిగాక, కనిపెట్టిందేదో గొప్పగా ఏఎన్‌ఎంకి చెప్పాను. ఆవిడ టీకాల డబ్బా సర్దుకుంటూ అంది: "ఇది చెప్పడానికి మ్యాప్ ఎందుకు సార్, నన్నడిగితే చెప్పేదాన్నిగా?"