ఓటీలో మత్తు గ్యాసు: వాసన రాకపోతే లేనట్టేనా?

నెల్లూరు పొగతోట నర్సింగ్ హోముల్లోనైనా, ఒంగోలు పెద్దాసుపత్రిలోనైనా ఓటీ (ఆపరేషన్ థియేటర్) స్టాఫ్ నోట తరచూ వినపడే మాటలివి. పేషెంట్‌కు ఇచ్చే మత్తు గ్యాసు గదిలోకి పోయి స్టాఫ్ పీల్చడం గురించే ఇవన్నీ.

అపోహ: వాసన రాలేదు, గ్యాసు లేదు.

ముక్కును నమ్ముకోవద్దు. పనిచేసేచోట ఆరోగ్యాన్ని చూసే అమెరికా సంస్థ నియోష్, స్టాఫ్ పీల్చే గాలికి 1977లో పెట్టిన హద్దు హాలోథేన్ లాంటి మత్తు ఆవిరి మందులకు 2 పీపీఎం, మరో మత్తు గ్యాసు నైట్రస్ ఆక్సైడ్‌కు మత్తు ఇస్తున్నంతసేపూ సగటున 25. పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు గ్యాసుంటే అది 1 పీపీఎం. హద్దుకు ఎన్నో రెట్లు పెరిగితే గానీ హాలోథేన్ వాసన చాలామందికి తెలియదు. నైట్రస్‌కైతే వాసన ఉందా లేదా అన్నట్టుంటుంది.

అపోహ: ఏసీ ఉందిగా.

స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరుస్తుంది. రోహిణి కార్తెలో తలుపులు బిగించుకుంటే గ్యాసూ మనతోపాటు లోపలే. ఓటీలో గంటకు 20 సార్లు గాలి తిరగాలి, అందులో 4 సార్లకు సరిపడా బయటి గాలి రావాలి. 6 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తున్న గదిలో వేపరైజర్ (మత్తు ద్రవాన్ని ఆవిరి చేసే పరికరం) నింపుతూ 5 ఎంఎల్ సెవోఫ్లురేన్ అనే మత్తు ద్రవం ఒలకబోస్తే, అది ఆవిరై గదంతా కలిసేసరికి 8 పీపీఎం దాటుతుంది. సీసాకూ వేపరైజర్‌కూ బిగుసుకునే గొట్టం, కీ ఫిల్లర్‌తోనే నింపండి, అదీ కేసులు లేని వేళ.

అపోహ: ఎన్95 మాస్కు కాపాడుతుంది.

అది నలుసుల్ని ఆపుతుంది, గ్యాసును కాదు. మత్తు ఆవిరిని పీల్చుకునే చార్‌కోల్ (బొగ్గు) డబ్బా కూడా సెవోఫ్లురేన్‌ను పట్టి నైట్రస్‌ను వదిలేస్తుంది.

అపోహ: మిగులు గ్యాసును బయటికి పంపే స్కావెంజింగ్ పైపు తగిలించాం, ఇక బెంగ లేదు.

ఆ పైపుకు అందేది ఏపీఎల్ వాల్వు (మత్తు మెషీన్‌లో మిగులు గ్యాసును వదిలే వాల్వు), వెంటిలేటర్ నుంచి వచ్చే గ్యాసు మాత్రమే. పేషెంట్ మాస్కు అంచు, కఫ్ (గొంతులో బిగించే గాలి బుడగ) లేని శ్వాస ట్యూబు, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడాలైమ్ డబ్బా రబ్బరు, నైట్రస్ సిలిండర్ యోక్ (సిలిండర్‌ను మెషీన్‌కు బిగించే పట్టీ) దగ్గర పోయేది నేరుగా గదిలోకే. యోక్ దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడండి. వాషర్ అరిగితే మార్చాలి, పాతదాని మీద ఇంకోటి వేయకూడదు: రెండు వాషర్లుంటే, ఒక గ్యాసు చోట ఇంకో గ్యాసు ఎక్కకుండా ఆపే పిన్నులు సరిగ్గా దిగక వేరే గ్యాసు సిలిండరే ఎక్కొచ్చు. రోజూ మొదటి కేసుకు ముందు ఏపీఎల్ మూసి, వై-పీస్‌ను (పేషెంట్ వైపు గొట్టాలు కలిసే ముక్క) అరచేత్తో అదిమి, ఆక్సిజన్ ఫ్లష్‌తో 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా ఎక్కించండి. పీడనం చూపే ముల్లు 10 సెకన్లు కదలకూడదు.

స్కావెంజింగ్ పైపు ఎక్కడ తేలిందో కూడా చూడాలి. కిటికీలోంచి ఊరికే వేలాడదీస్తే మన తీరపు ఎదురుగాలి గ్యాసును వెనక్కి నెడుతుంది. పైపు మడతపడితే సర్క్యూట్‌లో (పేషెంట్‌ను మెషీన్‌కు కలిపే గొట్టాల్లో) పీడనం పెరిగి ఆ దెబ్బ పేషెంట్ ఊపిరితిత్తులకు.

మిగతాది చేతి అలవాటు. మాస్కు ముఖానికి అతికాకే వేపరైజర్ తిప్పాలి. సర్క్యూట్ విప్పేముందు గ్యాసు ఫ్లోలు ఆపాలి. కేసు చివర వేపరైజర్ కట్టేసి కాసేపు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. చిన్నపిల్లల కేసులే అన్నిటికన్నా చెడ్డవి: పిల్లాడు గింజుకుంటాడు, మాస్కు నిలవదు, జాక్సన్-రీస్ (పిల్లలకు వాడే, చివర తెరిచి ఉండే శ్వాస సర్క్యూట్) సంచి తోకలోంచి వచ్చేదంతా పట్టుకున్నవాళ్ళ ముఖానికే.

అపోహ: రికవరీ రూములో భయం లేదు.

పేషెంట్ వదిలే ఊపిరిలోనే గ్యాసు ఉంటుంది. వంగి పేరు పెట్టి పిలిచే సిస్టర్ ముఖం అక్కడికి అడుగు దూరంలో ఉంటుంది.

అపోహ: ఓటీ డ్యూటీ చేస్తే గర్భం నిలవదు.

ఈ భయం 1967 నాటి సోవియట్ నివేదికతో మొదలైంది. అప్పటి ఓటీల్లో స్కావెంజింగ్ లేదు. నైట్రస్ విటమిన్ బి12ను పనిచేయనివ్వదన్నది మాత్రం నిజం. 1992లో అమెరికా డెంటల్ అసిస్టెంట్ల మీద వచ్చిన అధ్యయనంలో, స్కావెంజింగ్ లేని గదుల్లో వారానికి 5 గంటలు, ఆపైన నైట్రస్ మధ్య పనిచేసినవాళ్ళకు గర్భం రావడం ఆలస్యమైంది. స్కావెంజింగ్ ఉన్నచోట ఆ తేడా కనపడలేదు. కాబట్టి సిస్టర్ గర్భవతి అని తెలియగానే భయపెట్టి సెలవు పెట్టించనక్కర్లేదు, పిల్లల మాస్కు కేసుల నుంచి తప్పించి వెన్నులో సూదితో మత్తిచ్చే స్పైనల్ కేసులకు వేస్తే చాలు.