గ్యాలరీ చుట్టూ కట్టిన చదువు

మెడికల్ కాలేజీకి కొత్త భవనం అనగానే మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న: లెక్చర్ గ్యాలరీలో ఎంతమంది పడతారు? గుంటూరు మెడికల్ కాలేజీలోనే ఏటా 250 మంది ఎంబీబీఎస్‌లో చేరుతున్నారు కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. కానీ దాన్నే మొదట అడగడం నాలుగు వందల ఏళ్ల అలవాటు.

1594లో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో శవాన్ని కోసి చూపించడానికే ఒక గది కట్టారు. అడుగున బావిలాంటి చోటు, అందులో బల్ల మీద శవం. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో పైకి లేచే ఆరు వరసలు. కుర్చీలు లేవు, కటకటాలకు ఆనుకుని నిలబడి కిందికి తొంగిచూడాలి. ఒకరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. 1835లో మద్రాసు, కలకత్తాల్లో మెడికల్ కాలేజీలు పెట్టేనాటికి మెట్లమెట్ల గ్యాలరీ వైద్యవిద్యకు ఆనవాయితీ అయిపోయింది.

1910లో విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 కాలేజీల మీద నివేదిక రాసి, ల్యాబూ ఆసుపత్రీ లేకుండా వైద్యం నేర్పడం కుదరదని తేల్చాడు. ఆ దారిలోనే అనాటమీకి ఒక బ్లాకు, ఫిజియాలజీకి ఇంకొకటి, ఎవరి ల్యాబ్ వాళ్లది అన్న తీరు స్థిరపడింది. గుంటూరు కాలేజీ మొదలైన 1946లోనే మన దేశంలో ఆరోగ్య వ్యవస్థ మీద భోర్ కమిటీ నివేదిక వచ్చింది. జబ్బు వచ్చాక చూడటమే కాదు, రాకుండా ఊరిని కాపాడే డాక్టర్ కావాలని అది కోరింది.

మరి ఆ డాక్టర్ ఏ గదిలో తయారవుతాడు? లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదని 1997 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. 2019లో వచ్చిన కొత్త కరిక్యులమ్ ఆ మాటను నిలబెట్టి, మొదటి ఏడాదిలోనే రోగుల దగ్గరికి తీసుకెళ్లమంది. మిగతా రెండు వంతుల చదువుకు పదిహేను ఇరవై మంది కూర్చుని కేసు మాట్లాడుకునే గదులు, బొమ్మ చేతికి సెలైన్ ఎక్కించి నేర్చుకునే స్కిల్ ల్యాబ్ కావాలి. నా దృష్టిలో ప్లాన్ గీయడం అక్కడ మొదలవ్వాలి. గ్యాలరీ ఆ తర్వాత.

మా అక్క కూతురు ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఒక్క డిసెక్షన్ టేబుల్ చుట్టూ ముప్పై మంది. వెనక నిలబడితే కనిపించేవి ముందువాళ్ల తెల్ల ఏప్రాన్లే. ఎండాకాలం, శవం పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారేవి, ఇంటికొచ్చి తలస్నానం చేసినా జుట్టులో ఆ వాసన పోయేది కాదు. దాన్నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే గాలి పిల్లల ముఖాల మీదుగానే పోతుంది. బల్ల దగ్గరే కిందికి లాగేసే ఏర్పాటు కావాలి. దానికి గాలి పోయే గొట్టం (డక్టు) దారి స్లాబు వేయకముందే వదలాలి.

మంగళగిరి ఎయిమ్స్ తొలి బ్యాచ్ 2018లో విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ గదుల్లో పాఠాలు మొదలుపెట్టింది. పాఠానికి గదులు అరువు దొరుకుతాయి, మంచి డిసెక్షన్ హాలు దొరకడం కష్టం.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం 2016లో తెరిచిన 14 అంతస్తుల వైద్యవిద్యా భవనంలో మెట్ల వెంటే పిల్లలు గుంపుగా కూర్చుని చదువుకునే చోట్లు పెట్టారు. ఆలోచన తీసుకోవాల్సిందే, ఆ భవనానికున్న అద్దాల గోడ మాత్రం మనకొద్దు. బెజవాడ మే నెల ఎండకు పడమటి వైపు మెట్లు, స్టోర్లు, బాత్రూములు పెట్టి, చదివే గదుల ముందు లోతైన వరండా ఇవ్వాలి.

నీళ్ల సంగతీ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. అది చూశాక కూడా జనరేటర్‌నూ, పార్థివ దేహాల ఫ్రీజర్ గదినీ సెల్లార్‌లో పెడతామంటే నేను ఒప్పుకోలేను. తమ దేహాన్ని పిల్లల చదువుకు రాసిచ్చి వెళ్లినవాళ్లు ఉండేది ఆ గదిలోనే.