స్టౌట్ చాక్లెట్ కేకు: అపోహలు, వాస్తవాలు

మార్చి 17న వచ్చే ఐర్లాండ్ జాతీయ పండుగ సెయింట్ పాట్రిక్స్ డే దగ్గర పడుతున్నదంటే, నేను పనిచేసే డబ్లిన్ బేకరీలో అన్నిటికంటే ఎక్కువగా అడిగేది స్టౌట్ చాక్లెట్ కేకునే. స్టౌట్ అంటే ఐర్లాండ్‌కు పేరు తెచ్చిన నల్లని బీరు. గ్లాసులో నల్లని స్టౌట్ మీద తెల్లని నురగ తేలినట్టు కనిపించాలని, ఈ కేకు పక్కలను అలాగే వదిలి, పైభాగానికి మాత్రమే క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ పూస్తాము. ఇక్కడి తెలుగు కుటుంబాలవారూ, దీన్ని ఇంట్లో ప్రయత్నించేవారూ నన్ను తరచుగా అడిగే విషయాలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అపోహ: ఓవెన్‌లో పెట్టాక ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది.

కొంత మిగులుతుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందన్నది నిజమే కాని, నీటితో కలిసి ఉన్నప్పుడు అది పూర్తిగా విడిపోయి వెళ్లదు. పైగా కేకు లోపలి భాగం కాలడం పూర్తయ్యేసరికి కూడా నూరు డిగ్రీలు దాటదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం, పిండిలో కలిపి బేక్ చేసినప్పుడు అరగంటకు సుమారు 35 శాతం, గంటకు సుమారు 25 శాతం ఆల్కహాల్ మిగిలి ఉంటుంది. మేము ఒక కేకుకు 250 మి.లీ. స్టౌట్ పోస్తాము. అందులో ఆల్కహాల్ 4.2 శాతం అనుకుంటే పదిన్నర మి.లీ. అవుతుంది, గంట తరువాత మిగిలేది రెండున్నర మి.లీ. పైచిలుకు. పన్నెండు ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో 0.2 మి.లీ. చుట్టూ ఉంటుంది.

ఆ కొద్దిపాటితో ఎవరికీ మత్తు ఎక్కదు. అయినా మత విశ్వాసం వల్ల మద్యం ముట్టనివారు, గర్భిణులు, ఎంతో కష్టపడి తాగుడు మానుకున్నవారు ఆ ముక్క తినాలా వద్దా అన్నది వారే నిర్ణయించుకోవాలి. అందుకు కేకులో ఏముందో వారికి ముందే తెలియాలి. "అక్కా, పిల్లలకు పెట్టవచ్చా?" అని అడిగినవారికి పై లెక్క చెప్తాను గాని, "ఏమీ మిగలదు లెండి" అని మాత్రం ఎన్నడూ అనను. వద్దనుకున్నవారు స్టౌట్‌కు బదులు, నీళ్లు కలిపిన ఫిల్టర్ కాఫీ డికాషన్‌ను అదే కొలతలో పోసి, ఒక చెంచా నిమ్మరసం చేర్చవచ్చు. కాఫీకి స్టౌట్‌కు ఉన్నంత పులుపు ఉండదు కనుక ఆ నిమ్మరసం అవసరం.

అపోహ: కేకు బీరు వాసన వేస్తుంది; దాని నలుపంతా స్టౌట్‌దే.

స్టౌట్‌కు రంగునూ రుచినీ ఇచ్చేది, కాఫీ గింజల్లా నల్లబడేదాకా వేయించిన బార్లీ లేదా మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం). 1817లో ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్, మాల్టును బొగ్గు కానివ్వకుండా నల్లగా వేయించే తిరుగుడు డ్రమ్ముకు పేటెంటు పొందిన తరువాతే ఈ తరహా బీర్లకు ఆ నలుపు నిలకడగా రావడం మొదలైంది. కేకులో మనకు తెలిసేది ఆ వేపుడు చేదే. అది చాక్లెట్ రుచిని మరింత గాఢం చేస్తుంది. కేకు నలుపులో ఎక్కువ పాలు మాత్రం కోకోది, క్షార గుణంతో ఆ కోకోను ముదురు రంగుకు తెచ్చే వంటసోడాది. హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పూలు) చేదు ఎక్కువగా ఉండే ఘాటు స్టౌట్‌లను ఈ కేకుకు వాడకండి, ఆ చేదు నాలుకను పట్టుకుని వదలదు.

అపోహ: స్టౌట్‌లో చేప ఉంటుంది కాబట్టి శాకాహారులకు పనికిరాదు.

ఇది పూర్తిగా పుట్టించిన మాట కాదు. బీరును తేటపరచడానికి ఐసింగ్లాస్ అనే, చేపల గాలితిత్తి నుంచి తీసిన పదార్థాన్ని చాలాకాలం వాడారు. డబ్లిన్‌లో తయారయ్యే గిన్నిస్ అనే స్టౌట్ విషయంలో దాన్ని మానుకుంటున్నట్టు 2015లో ప్రకటించి, తరువాతి ఏళ్లలో అమలు చేశారు. ఇతర స్టౌట్‌ల విషయంలో సీసా మీది వివరాలు చూసుకోవాలి. గుడ్లు తినేవారికే ఈ కేకు అన్నది వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: బీరులోని గ్యాస్ వల్లే కేకు పొంగుతుంది.

వెన్నతో కలిపి వేడి చేసినప్పుడే గ్యాస్ చాలావరకు పోతుంది. కేకును పొంగించేది వంటసోడా. దానికి కావలసిన పులుపు స్టౌట్ నుంచి, సోర్ క్రీమ్ నుంచి వస్తుంది. స్టౌట్‌ను నురగ దిగిన తరువాతే కొలవండి, లేకుంటే కొలత తగ్గిపోతుంది.

అపోహ: పిండి పలుచగా ఉంటే మైదా పెంచాలి.

ఈ కేకు పిండి రవ్వ దోసె పిండిలా జారుగానే ఉండాలి. పలుచగా ఉందని భయపడి మరో గుప్పెడు మైదా కలిపితే కేకు పొడిబారుతుంది. అడుగు ఊడే అచ్చు వాడేవారు బేకింగ్ పేపరును పక్కల పైదాకా పరవండి, సందుల్లోంచి కారే పిండి ఓవెన్‌లో మాడిపోతుంది.

అపోహ: ఫ్రాస్టింగ్ జారిపోతుంటే చక్కెర పొడి ఇంకా వేయాలి.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే నమ్మి, ఒక ఆర్డరు కేకుకు పొడి మీద పొడి వేస్తూ పోయాను. ఆ ఫ్రాస్టింగ్ గిన్నెలోనే పాయసంలా తయారైంది. క్రీమ్ చీజ్‌లో సగానికి పైగా నీరే ఉంటుంది. చక్కెర ఆ నీటిలో కరిగి పాకమవుతుంది గాని గట్టిపడదు. మిక్సర్‌తో ఎక్కువసేపు గిలకొట్టినా చీజ్ నిర్మాణం చెదిరి నీరు విడుస్తుంది. అందువల్ల మెత్తబడిన 120 గ్రాముల వెన్నను 150 గ్రాముల చక్కెర పొడితో ముందుగా తెల్లబడేదాకా గిలకొట్టి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 300 గ్రాముల క్రీమ్ చీజ్‌ను చివర్లో కొద్దికొద్దిగా చేర్చి, కలవగానే ఆపేయాలి. దిమ్మగా దొరికే చీజ్ మేలు. డబ్బాలో వచ్చేది పలుచన కాబట్టి దాన్ని గుడ్డలో వేసి నీరు వత్తాలి. బ్రెడ్డుకు రాసుకునే ఉప్పటి చీజ్ స్ప్రెడ్ వేరే పదార్థం, ఇందుకు పనికిరాదు.

కేకు పూర్తిగా చల్లారాకే ఫ్రాస్టింగ్ పూయాలి. నేనైతే కేకును ఒక రాత్రి మూతపెట్టి ఉంచుతాను, మర్నాటికి తేమ అంతటా సమంగా పరుచుకుని రుచి మెరుగవుతుంది. పూసిన తరువాత ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించడానికి అరగంట ముందు తీయండి. వేసవిలో తెలుగునాట చేసేవారికి పదిహేను నిమిషాలు చాలు, ఆ వేడికి వెన్న త్వరగా కరుగుతుంది.