ఉరికినా తొణకని చెరువు

"సార్, ఫోన్ పట్టుకొని ఉరుకుతుంటే చెయ్యి బరువైతున్నది. పాటలకు చిన్న ప్లేయర్ ఏదన్న ఉంటే చెప్పున్రి" అని మొన్న హనుమకొండలో భద్రకాళి బండ్ మీద ఒక అమ్మాయి అడిగింది. ఇంటర్‌లో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న పిల్ల. కానిస్టేబుల్ పరుగు కోసం రోజూ తెల్లవారకముందే వస్తుంది. ఏది కొనాలో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ మనిషి ఎగిరి దూకుతున్నా ఆ అగ్గిపెట్టెంత వస్తువులో పాట ఎందుకు తెగదో చెప్పకుండా నాకు వదలబుద్ధి కాలేదు.

ఒకప్పుడు తెగేది. 1984లో సోనీ వెంట మోసుకుపోగలిగే సీడీ ప్లేయర్ తెచ్చింది. సీడీ మీద పాట ఉండే గీతకూ పక్క గీతకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. తల వెంట్రుక మందంలో దాదాపు నలభై గీతలు పడతాయి. పరుగులో ప్రతి అడుగుకూ నేల మన బరువుకు రెండు మూడు రెట్ల బలంతో ఎదురు తన్నుతుంది. ఆ కుదుపులో లేజర్ గీత తప్పేది. తర్వాత కొన్ని సెకన్ల పాటను ముందే చదివి మెమరీలో దాచుకునే ప్లేయర్లు వచ్చాయి. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లోనూ తిరిగే డిస్కే ఉండేది. 32 మెగాబైట్ల మెమరీలోకి పాటలను ముందే ఎత్తిపెట్టుకొని కుదుపుల నుంచి తప్పించుకునేది. 2005లో వచ్చిన ఐపాడ్ షఫుల్‌లో తిరిగేది ఏదీ లేదు, బరువు 22 గ్రాములే. అందులో ఉన్నది ఫ్లాష్ మెమరీ.

దీన్ని 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా రూపొందించారు. దాని మూలమైన తేలే గేటు (ఫ్లోటింగ్ గేట్, ఎలక్ట్రాన్లను బంధించి ఉంచే చిన్న గది) ఆలోచన 1967లోనే బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. అర్థం చేసుకోవడానికి మనం నిలబడ్డ చోటే మంచి పోలిక ఉంది: చెరువు.

తూమూ లేదు, అలుగూ లేదు, చుట్టూ కట్టే. అలాంటి చెరువును ఊహించండి. అదే తేలే గేటు. నీళ్ల బదులు ఎలక్ట్రాన్లు, మట్టికట్ట బదులు సిలికాన్ ఆక్సైడ్ పొర. ఆ పొర మందం పది నానోమీటర్లకు అటూ ఇటూ. ఎలక్ట్రాన్లు చెరువులో ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. ఈ రెండింటిలో ఏదో ఒకటి చెప్పే ముక్కనే బిట్ అంటారు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీలో నాలుగు నిమిషాల పాటంటే 3 కోట్ల 7 లక్షల బిట్లు. అంటే బిట్టుకొక చెరువు చొప్పున మూడు కోట్ల చెరువులు! కాకతీయులు కూడా అన్ని తవ్వించలేదు. ఈ కాలపు చిప్పుల్లో ఒక్కో చెరువులో ఎనిమిది నీటిమట్టాలను గుర్తుపట్టి మూడేసి బిట్లు దాస్తున్నారు కాబట్టి కోటి చెరువులతో సరిపోతుంది.

మరి నీళ్లు లోపలికి ఎలా పోతాయి? మట్టికట్ట గట్టిగా ఉంటే నీళ్లు దాటవు. ఎలక్ట్రాన్ దాటుతుంది. ఇరవై వోల్టుల దాకా పెడితే పొర మీద విద్యుత్ క్షేత్రం మీటరుకు దాదాపు వంద కోట్ల వోల్టులవుతుంది (గాలిలో నిప్పురవ్వ రావడానికి 30 లక్షలు చాలు). అంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ ముందున్న అడ్డు ఒక పక్కకు వాలి, పైభాగంలో పలచబడుతుంది. ఎలక్ట్రాన్ తరంగంలా కూడా నడుస్తుంది కాబట్టి, పలచబడిన చోట ఆ తరంగం తోక అవతలికి చేరుతుంది. కట్ట తెగలేదు, బుంగ పడలేదు, అయినా నీళ్లు అవతల ఉన్నాయి. దీనికి టన్నెలింగ్ అని పేరు. బ్యాటరీ ఇచ్చేది నాలుగు వోల్టులకు అటూ ఇటూ. ఏతంతో ఒక మెట్టు మీదికి తోడి, అక్కడి నుంచి ఇంకో మెట్టుకు తోడినట్టు, చిప్పులోని కెపాసిటర్లు ఆ వోల్టేజీని మెట్లుమెట్లుగా పెంచుతాయి. క్లాసులో మాత్రం మేము 'బంధకం అంటే విద్యుత్తును పోనివ్వనిది' అని నోట్సు రాయించి ముందుకు పోతుంటాం. పిల్లల జేబులోనే ఆ మాట తప్పుతోందని చెప్పం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

చదవడం ఇంకా అందంగా ఉంటుంది. చెరువు నిండిందా లేదా అని చెరువు దగ్గరికి పోనక్కర్లేదు, కింది పొలంలో బావి చూస్తే తెలుస్తుంది. ఇక్కడా అంతే. తేలే గేటు కింద ఒక కరెంటు దారి ఉంటుంది. పైన ఎలక్ట్రాన్లు నిండి ఉంటే ఆ దారి మూసుకుంటుంది, ఖాళీగా ఉంటే తెరుచుకుంటుంది. పాట విన్నప్పుడు చెరువులో చుక్క కూడా తోడం. మన పరుగు కుదుపుకు ఆ చెరువు తొణకదు, ఎందుకంటే ఎలక్ట్రాన్‌ను అక్కడ ఆపిన విద్యుత్ బలం ముందు అడుగు తాకిడి లెక్కలోకే రాదు.

కట్ట మాత్రం అరుగుతుంది. నింపి, తీసి, మళ్లీ నింపిన కొద్దీ ఆక్సైడ్‌లో లోపాలు పెరుగుతాయి. వేడికి కారడం కూడా ఎక్కువవుతుంది. అమావాస్య నాడు కొన్న ఎలక్ట్రానిక్ వస్తువు నిలవదని ఇప్పటికీ అంటుంటారు. దాన్ని చెడగొట్టేది తిథి కాదు. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయడం చెడగొడుతుంది. మెమరీ కంటే ముందు లిథియం బ్యాటరీ పోతుంది.

ఇక కొనడం. బట్టకు పట్టుకునే క్లిప్పు, చూడకుండా నొక్కగలిగే బటన్లు ఉండాలి. 8 జీబీ చాలు. వాన తుంపరకూ చెమటకూ కనీసం ఐపీఎక్స్4 (నీటి చిందులను తట్టుకుంటుందని చెప్పే గుర్తు) చూసుకోవాలి. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతో చేస్తారు, చెమటలో ఉప్పు ఉంటుంది. అందుకే పరుగయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రం ఆరాకే కేబుల్ పెట్టాలి. ఈత కొట్టేవాళ్లకు బ్లూటూత్ పనికిరాదు, ఆ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. పాటలు చెవి దగ్గరి పరికరంలోనే ఉండాలి. రోడ్డు మీద ఉరికితే ఒక చెవి ఖాళీగా వదలాలి. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది, అంటే వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది.

మెమరీ కార్డు వేసుకునే ప్లేయరైతే ఇంకో జాగ్రత్త కావాలి. నేనొకసారి ఒక దుకాణంలో 64 జీబీ అని కొన్న కార్డులో అసలున్నది అందులో చిన్న వంతే. కార్డును నడిపే లోపలి చిప్పు, అంటే కంట్రోలర్, అబద్ధపు లెక్క చెబుతూ కొత్త పాటలను పాతవాటి మీదే రాసేసింది. కొన్న రోజే కార్డును పూర్తిగా నింపి, మొదటి పాట, నడిమి పాట, చివరి పాట మోగించి చూడమని ఆ అమ్మాయికి చెప్పాను. బిల్లు కూడా తీసుకొమ్మన్నాను. "సరే సార్" అని చెప్పులు విప్పి, బూట్లు కట్టుకొని ఉరికింది.