లింక్ ఇచ్చినందుకు డబ్బులా? వెబ్ డెస్క్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

గూగుల్, ఫేస్‌బుక్ లాంటి ప్లాట్‌ఫామ్‌లు మా వార్తల లింకులు చూపిస్తున్నందుకు మాకు డబ్బులివ్వాలని న్యూస్ పబ్లిషర్లు అడుగుతున్నారు. న్యూస్ సైట్ వెబ్ డెస్క్‌లో పని చేస్తా కాబట్టి ఈ గొడవలో నేను కళ్లు మూసుకుని పబ్లిషర్ల వైపే ఉంటా అనుకుంటారు. జీతం అక్కడి నుంచే వస్తుంది, కాదనను, కానీ మావాళ్లు చెప్పేవన్నీ నిజాలు కావు.

అపోహ: ప్లాట్‌ఫామ్‌లు మా వార్తలు ఎత్తుకుపోతున్నాయి.
వాస్తవం: స్టోరీ పబ్లిష్ కొట్టే ముందు, ఎవరైనా షేర్ చేస్తే ఏ ఫొటో పడాలి, కింద ఏ రెండు లైన్లు కనపడాలి అని ట్యాగుల్లో నింపేది మేమే. మా ఫేస్‌బుక్ పేజీలో లింక్ పెట్టేదీ మేమే. గూగుల్ సెర్చ్‌లో లింక్ కింద అలా కనపడే లైన్లు (స్నిప్పెట్) వద్దంటే నోస్నిప్పెట్ అని ఒక్క ట్యాగ్ చాలు, కానీ పెట్టరు, ఎందుకంటే పెడితే ఏమవుతుందో 2014లోనే జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద పబ్లిషింగ్ కంపెనీ చూసేసింది. కొన్ని సైట్లకి స్నిప్పెట్లు ఆపించారు, రెండు వారాల్లోనే సెర్చ్ ట్రాఫిక్ దాదాపు 40 శాతం, గూగుల్ న్యూస్ నుంచి వచ్చేది 80 శాతం పడిపోయింది, ఇక చేసేదేం లేక మళ్లీ ఫ్రీగా వాడుకోమన్నారు.

అపోహ: యూరప్‌లో లింక్ మీద ట్యాక్స్ ఉంది.
వాస్తవం: లేదు. ఆన్‌లైన్‌లో తమ వార్తల వాడకంపై పబ్లిషర్లకి హక్కు ఇచ్చింది యూరోపియన్ యూనియన్ 2019 కాపీరైట్ డైరెక్టివ్ (సభ్య దేశాలు పాటించాల్సిన చట్టం), దాని 15వ ఆర్టికల్లోనే లింకులకి, మరీ చిన్న ముక్కలకి ఆ హక్కు వర్తించదని రాసి ఉంది.

అపోహ: వార్తలకి డబ్బు కట్టాలని చట్టం తెస్తే ప్లాట్‌ఫామ్‌లు చచ్చినట్టు కడతాయి.
వాస్తవం: వాళ్లకి ఇంకో దారి ఉందిగా, వార్తలే ఎత్తేయడం. స్పెయిన్‌లో అలాంటి చట్టం వల్ల 2014 డిసెంబర్‌లో మూసిన గూగుల్ న్యూస్ మళ్లీ తెరిచింది 2022లో. కెనడాలోనూ అలాంటి చట్టం వచ్చాక గూగుల్ ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లు ఇస్తానంది సరే, ఫేస్‌బుక్ ఓనర్ మెటా మాత్రం 2023 ఆగస్టులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో వార్తల లింకులే ఆపేసింది, అదే నెలలో అక్కడ కార్చిచ్చులు, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేస్తుంటే జనం వార్త లింక్ షేర్ చేసుకోలేకపోయారు. ఇలాంటప్పుడు పెద్ద పేపర్లు ఎలాగోలా తట్టుకుంటాయి, షేర్ల మీదే బతికే చిన్న సైట్ల పనే అయిపోతుంది.

అపోహ: అయితే ప్లాట్‌ఫామ్‌లు పైసా ఇవ్వక్కర్లేదు.
వాస్తవం: ఇక్కడ మాత్రం నేను పబ్లిషర్ల వైపే. లింక్ పాఠకుడిని మా దగ్గరికి పంపిస్తుంది, సెర్చ్ పైన వచ్చే ఏఐ సారాంశం అతన్ని అక్కడే కూర్చోబెడుతుంది, రెండూ ఒకటెలా అవుతాయి? సైట్‌లో ఏ బాట్ ఏం తీసుకోవచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్లో గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరుని బ్లాక్ చేశాం కదా అని కొందరు ధీమాగా ఉంటారు, అది గూగుల్ ఏఐ జెమినై మన వార్తలు వాడకుండా ఆపడానికి, సెర్చ్‌లో వచ్చే సారాంశాన్ని ఆపదు. దాన్ని ఆపాలని నోస్నిప్పెట్ పెడితే మామూలు స్నిప్పెట్ కూడా పోతుంది, అంటే స్ప్రింగర్ కథే మళ్లీ. 2024 మార్చిలో ఫ్రాన్స్ గూగుల్‌కి 25 కోట్ల యూరోల ఫైన్ వేసిన కారణాల్లో, పబ్లిషర్లకి చెప్పకుండా వాళ్ల వార్తలతో బార్డ్‌కి (జెమినైకి పాత పేరు) ట్రైనింగ్ ఇచ్చారన్నది కూడా ఒకటి. పబ్లిషర్లు లింక్‌కి రేటు అడగడం వదిలేసి, సెర్చ్‌లో ఉంటాం, సారాంశంలో ఉండం అని చెప్పుకోవడానికి వేరే స్విచ్ అడగాలి ముందు, అది చేతికొస్తే అప్పుడు సారాంశానికి ఎంతిస్తారో బేరమాడొచ్చు.