తాగవద్దన్నారు, మరి ఏ నీళ్లు తాగాలి?

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరిన్ జబ్బును ముందుగా పసిగట్టింది వైద్యులు కాదు, రైతులు. నాగలికి కట్టిన ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం 1930లలోనే వారి కంటపడింది. మనుషుల సంగతి ఆ తరువాత బయటికి వచ్చింది. 1937లో వైద్య పరిశోధకుడు హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు ఇక్కడి రోగులను పరీక్షించి, మెడా నడుమూ కొయ్యబారిపోవడానికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడేనని వెల్లడించారు. ఎముకలకు పట్టే ఈ ఫ్లోరిన్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి నివేదికల్లో అది ముఖ్యమైనది. అప్పటికి ఈ తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

1940లో వైద్య పరిశోధకుడు సి.జి. పండిట్ బృందం మరో ముఖ్యమైన మాట చెప్పింది. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, తాగేవారి తిండి ఎలా ఉందన్నదీ లెక్కలోకి వస్తుందని, చాలీచాలని తిండితో బతికేవారి ఎముకలే ఎక్కువగా దెబ్బతింటున్నాయని. అంటే ఈ జబ్బు ఎందుకు వస్తుందో, ఎవరిని ఎక్కువగా పీడిస్తుందో స్వాతంత్ర్యానికి ముందే తెలుసు. తెలిసీ ఇన్ని తరాలు ఎందుకు నడుములు వంగాయి? ఈ చరిత్రను తిరగేసిన కొద్దీ నాకు ఒకటే కనిపిస్తోంది. ఏది మానాలో చెప్పడానికి మనుషులు వచ్చారు. మానినప్పుడు బదులుగా వాడుకోవలసింది మాత్రం వారి వెంట రాలేదు.

ఈ నేల కింద ఉన్నవి గ్రానైటు జాతి రాళ్లు. వాటి ఖనిజాల్లోని ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. వానలు తక్కువ. బావులు ఎండి బోర్లు లోతుకు పోయిన కొద్దీ నీరు రాతిని అంటిపెట్టుకుని ఉండే కాలం పెరుగుతుంది, దానితోపాటు నీటిలోకి దిగే ఫ్లోరైడూ పెరుగుతుంది.

ఇక్కడే ప్రచారాలు ఒకదానికొకటి అడ్డుతగిలాయి. కలరా, విరేచనాలు, తాగే నీటితో ఒంట్లో చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపు ప్రాణాలను, ఒళ్లును పీడించిన రోజుల్లో ఊరూరా వినిపించిన మాట ఒకటే: చెరువు నీళ్లు, దిగుడుబావి నీళ్లు తాగవద్దు, బోరు నీళ్లు తాగండి. ఆ మాట సరైనదే. దాని పక్కనే చేతిపంపు కూడా వచ్చింది కాబట్టి జనం విన్నారు. దేశంలో నారికురుపు పూర్తిగా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది కూడా. కానీ ఈ మెట్ట ప్రాంతంలో, అద్దంలా తేటగా ఉన్న బోరు నీటిలోనే ఫ్లోరైడ్ ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిన్నటిదాకా బోరు మంచిదని చెప్పినవారే ఆ బోరు మంచిది కాదంటే తల్లులు ఎలా నమ్ముతారు? నీళ్లు కాచి తాగమన్న సలహా క్రిములకు పనిచేస్తుంది. ఫ్లోరైడ్ మాత్రం కాచినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. పళ్లు శుభ్రంగా తోముకోవాలన్న పాఠమూ ఇక్కడ పిల్లలను నొప్పించింది. వారి పళ్ల మీద కనిపించేవి, ఫ్లోరైడ్ వల్ల పంటి పింగాణీ ఏర్పడేటప్పుడే లోపల పడిన గోధుమరంగు చారలు, ఎంత తోమినా పోవు. తోముకోవడం లేదని చీవాట్లు తిని, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలను తలచుకుంటే బాధ కలుగుతుంది.

1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) నల్లగొండ పద్ధతిని రూపొందించింది. నీటిలో సున్నం, పటిక కలిపి, ఫ్లోరైడ్ మడ్డిలో పేరుకున్నాక పైతేటను వంచుకోవడం. చవకైన పద్ధతే. అయితే ఏ బావి నీటికి ఎంత పటిక వేయాలో ఆ నీటిని పరీక్షిస్తేగాని తెలియదు. పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలు రోజూ ఇది చేయాలని ఆశించడం ఆమె మీద ఇంకో బరువు మోపడమే.

ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో కేంద్రం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమనడం, చేతులు తల వెనక్కి పెట్టమనడం వంటి తేలిక పరీక్షలతో ఊళ్లలోనే అనుమానిత రోగులను గుర్తించే వీలు కలిగింది. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ, జామ తినాలని చెప్పారు. 1940లో పండిట్ బృందం చెప్పిన దానికి ఇది కొనసాగింపే. కానీ పాలు కొనలేని ఇంటికి పాలు తాగమని చెప్పి వెనుదిరిగితే ఆ మాటకు విలువేముంది?

తరువాత శుద్ధిచేసిన నీళ్ల క్యాన్లు వచ్చాయి. ఎన్టీఆర్ సుజల పథకంలో ఇరవై లీటర్లు రెండు రూపాయలకే ఇస్తామన్నారు. కృష్ణా నీటిని సొరంగాల ద్వారా తెచ్చి పశ్చిమ ప్రకాశానికి తాగడానికీ ఇస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

క్యాను వచ్చిన ఇంట్లోనూ ఒక చిక్కు మిగిలే ఉంది. ఆ నీళ్లు తాగడానికే సరిపోతాయి, వంట బోరు నీళ్లతోనే. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు నీటితోపాటు ఫ్లోరైడునూ పీల్చుకుంటాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. కానీ తన బోరులో ఎంత ఉందో ఎందరు ఇల్లాళ్లకు తెలుసు? పంటి పింగాణీ ఏర్పడేది ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు. ఆ వయసు పిల్లలు మధ్యాహ్నం తినేది అంగన్‌వాడీలో, బడిలో. అక్కడ పప్పు ఏ నీటిలో ఉడుకుతోందో తల్లులు అడగాలి. ఆ బోరు పరీక్షలో వచ్చిన అంకెను వంటగది గోడ మీద అందరికీ కనిపించేలా రాయించాలి. అంకె ఒకటిన్నర దాటితే మరునాడే అక్కడికి వేరే నీళ్లు చేర్చే బాధ్యత ఎవరిదో, వారి హోదా కూడా ఆ అంకె కిందే రాయాలి.